అతుకు లేని గిలక

పదకొండో భాగం

పంకజాక్షి నీళ్ళలో నానేసిన గరుకాకులు ఒక్కొక్కటే తీసి బొమ్మ భుజానికి రాస్తోంది. ఆకు మరీ ఎండితే పొడి అవుతుంది, మరీ నానితే మెత్తబడి పనికి రాదు. చేతికి పిల్లి నాలుకలా తగలాలి. మూడేళ్ళుగా ఈ ఇంట్లో ఆమె పని ఇదే. మామ చెక్కుతాడు, కోడలు నునుపు పడుతుంది. ఎర్రచందనం పొడి గోళ్ళ సందుల్లో చేరి ఎంత తోమినా పోదు. చూసినవాళ్ళు గోరింటాకు పెట్టుకుందేమో అనుకుంటారు. మొగుడు జైల్లో ఉంటే గోరింటాకేమిటని ఎదురింటి రుక్మిణమ్మ మొన్న అననే అంది.

ఆమె మొగుడు వెంకటముని పట్టుబడి పద్దెనిమిది రోజులైంది. మద్రాసులో అతను పని చేసే పోత కార్ఖానా గేటు దగ్గరే పోలీసులు పట్టుకుపోయారని ఒక కార్డు వచ్చింది. ఎందుకు పట్టుకుపోయారో రాసిన చోట సెన్సారు వాళ్ళు నల్ల సిరా పూసేశారు. మామ మునిరామయ్య ఆ కార్డు చదివించుకుని, చూరులో దోపి, మళ్ళీ ఉలి పట్టాడు. ఆ తర్వాత కొడుకు పేరు ఎత్తలేదు, ఇంట్లో ఎవరినీ ఎత్తనివ్వలేదు. ఇందాక వీధిలో జట్కా ఆగి, సంచీ చంకన పెట్టుకున్న ఒక పెద్దమనిషి దిగి, వెంకటముని వాళ్ళిల్లు ఇదేనా అని అడిగేదాకా ఆ ఇంట్లో ఆ పేరు వినపడలేదు.

ఆ మనిషి ఇప్పుడు వసారాలో మునిరామయ్య ఎదురుగా కూర్చుని మజ్జిగ తాగుతున్నాడు. పేరు దొరస్వామి. వెంకటముని చేసే కార్ఖానాలోనే పోత మేస్త్రీ. యాభై ఏళ్ళుంటాయి. కొలిమి సెగకు కనుబొమలు కాలిపోయి, మొహం ఎప్పుడూ ఆశ్చర్యపోతున్నట్టు ఉంది. పంకజాక్షి గడపకు ఇవతల, తలుపు చాటున కూర్చుంది. అక్కడినుంచి ఆమెకు మామ వీపు, వచ్చినాయన మొహం కనిపిస్తాయి.

"మద్రాసులో మజ్జిగ దొరకదా ఏందప్పా, ఇంత దూరం వచ్చినావు," అన్నాడు మునిరామయ్య తల ఎత్తకుండానే.

"దొరుకుతాది పెద్దాయనా. నీళ్ళే ఎక్కువ."

"ఈడా నీళ్ళే. మా ఇంటామెకు చెయ్యి కుదరదు."

లోపల పొయ్యి దగ్గర అత్త గంగులమ్మ విన్నా విననట్టు కట్టె ఎగదోసింది. దొరస్వామి నవ్వబోయి మానుకున్నాడు. చెంబు కింద పెట్టి, మూతి తుడుచుకుని, గొంతు తగ్గించాడు.

"వెంకటముని మీద పెట్టింది దొంగతనం కేసు కాదు పెద్దాయనా. యుద్ధం ఓడను పాడు చేసినాడని పెట్టినారు. కావాలనే చేసినాడంట."

ఉలి ఆగింది.

"యా ఓడ?"

"పేరు మాకు చెప్పరు. విమానాలు వాలే ఓడ. సింహళం రేవులో ఉండాది."

"ఓడ మీద విమానం వాలేదేంది. అదేమన్నా తాటిచెట్టా?"

"నేనూ నమ్మలా. పోయినేడు మరమ్మతు పనికని ఆ రేవుకు పంపినప్పుడు కండ్లారా సూసినా. దాని పైకప్పు మీద మీ వీధి వీధంతా పరచచ్చు."

దొరస్వామి నేల మీద పడి ఉన్న చెక్కపొట్టును అరచేత్తో చదును చేశాడు. అందులో వేలితో పొడుగ్గా ఒక గీత గీసి, దానికి అడ్డంగా నాలుగైదు గీతలు గీశాడు.

"మొదట్లో ఇట్లాంటి ఓడనేదే లేదంట. వేరే పనికి కడతా ఉన్న ఓడను పట్టుకొని, పైనుండే గదులన్నీ నరికేసి, చాప పరిచినట్ల పరిచేసినారు. పొగ వచ్చి దిగేవాని కండ్లల్లో కొట్టిందని పొగగొట్టాన్ని ఒక పక్కకు జరిపినారు. మరి దిగిన విమానం ఆగల్ల గదా. తాళ్ళు నిలువునా కట్టి సూసినారు. చక్రాలు తట్టుకొని బోర్లా పడినాయి. పీకేసి అడ్డంగా కట్టినారు, ఇదో, ఇట్ల. విమానం తోకకు కొక్కెం ఉంటాది. అది తాడును పట్టుకుంటాది. తాడు రెండు కొసలూ గిలకల మీదనుంచి కిందికి పోతాయి. కింద ఉండే యంత్రం బావిలో చేద వదిలినట్ల మెల్లగా వదులుతాది. ముప్పై ఏండ్లలో ఎన్ని ఓడలు కట్టినారో, ఎన్నిసార్లు మార్చినారో. ఊరికే ఎవురూ మార్చరు పెద్దాయనా. ఒక్కో మార్పు ఎనకాల ఎవుడో ఒకడు చచ్చింటాడు."

గిలక అన్న మాట వినగానే పంకజాక్షి చేతిలో ఆకు చిరిగిపోయింది.

ఆమెకు ఆ గిలక తెలుసు. కార్తీకంలో వెంకటముని దాన్ని గోనెసంచిలో బియ్యం కింద పెట్టుకుని ఇంటికి తెచ్చాడు. ఇనప గిలక, కంచమంత ఉంది. కార్ఖానాలో అతను చెక్క అచ్చులు చేసేవాడు. టేకుతో అచ్చు చేసిస్తే, దాన్ని ఇసకలో అదిమి, ఆ గుంటలో లోహం కరిగించి పోస్తారు. ఆ వారం ఉలి జారి అతని బొటనవేలు మొదట్లో తెగింది. చెయ్యి మోచేతిదాకా వాచి జ్వరం తగిలింది. చెయ్యి పనికి రాదని తెలిస్తే కార్ఖానా వాళ్ళు ఇంకొకణ్ణి పెట్టుకుంటారని, గేటు దాటించకూడని నమూనాను గేటు దాటించి, తండ్రి ముందు పెట్టాడు. మునిరామయ్య దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ఇదేం పెద్ద పనిరా అన్నాడు. మూడు రోజుల్లో అచ్చు చెక్కేశాడు.

"ఆ గిలకేనా," అన్నాడు మునిరామయ్య.

దొరస్వామి ఆయన మొహంలోకి చూశాడు. "అయితే నేననుకున్నది నిజమే. చెక్కింది మీరు. వాని చెయ్యి నేను ఎరుగుదును. వాని పని బాగుంటాది గానీ అంత బాగుండదు."

"ఏం, బాగలేకుండా పోయిందా?"

"ఆ గిలక అంచుమీద ఒక పక్క ఇత్తడి కట్టు ఉన్నింది. అర అంగుళం మందాన. గుర్తుందా?"

"ఎందుకు గుర్తుండదు. వంకర టింకరగా ఉన్నింది. యా చేతగాని కమ్మరో ఏసిన అతుకు."

"ఆ అతుకు అచ్చులో ఎందుకు రాలా పెద్దాయనా?"

మునిరామయ్య ఉలి కింద పెట్టి తువ్వాలుతో చేతులు తుడుచుకున్నాడు. ఆయనకు కోపం రాలేదు. పని తెలియనివాడికి పని చెప్పేటప్పుడు వచ్చే ఓపిక వచ్చింది.

"సూడప్పా. విగ్రహం చెయ్యి ఇరుగుతాది. పూజారి లక్కతోనో రాగి తీగతోనో అతికిస్తాడు. నూరేండ్లకు అది శిథిలమైపోయి, కొత్తది చెక్కమని మా దగ్గరికి తెస్తారు. అప్పుడు మేము తీగతో సహా చెక్కుతామా? మూలం ఎట్లుండిందో లెక్క కట్టి చెక్కుతాం. మా నాయన మాకు నేర్పిన మొదటి మాట అదే. అతుకు చెక్కితే చెక్కినోని చెయ్యి ఎందుకూ పనికిరాదని. ఆ గిలక మూలంలో రెండంచులూ సమానం. నేను సమానంగా చెక్కినా."

"సమానంగానే చెక్కినారు. మా కార్ఖానాలో ఉండే కొలతల పటంతో వెంట్రుకవాసి తేడా లేదు. నేనే సరిచూసినా, నేనే పోసినా. అదే కొంప ముంచింది. ఆ పటం పాతది." దొరస్వామి పొట్టులో గీసిన గీతల మీద వేలు పెట్టాడు. "కొత్త విమానాలు బరువు. తాడు గట్టిగా లాగినప్పుడు గాడిలోనుంచి పైకెగిరి బయట పడతా ఉండింది. ఒకసారి అట్లా పడి మనుషులు పోయినారు. దొరల సీమనుంచి కొత్త గిలకలు రావల్లంటే ఏడాది. అందుకని ఓడలో పనోళ్ళే పై అంచుకు ఇత్తడి కట్టు ఏసుకున్నారు. ఆ మార్పు యా పటంలోనూ లేదు, యా పుస్తకంలోనూ లేదు. ఆ అతుకులోనే ఉన్నింది. అది పెట్టి పంపి, పటం ప్రకారం కాదు, నమూనా ప్రకారం చెయ్యమని రాసినారు. మేము అతుకు లేకుండా పదహారు గిలకలు పోసి పంపినాం."

"పంపితే?"

"మొదటి బరువైన విమానానికే తాడు గాడి దాటేసింది. నలుగురు పోయినారు."

పొయ్యి దగ్గర చప్పుడు ఆగిపోయింది. వీధిలో ఎవరో గాడిదను తోలుకుంటూ పోతున్నారు.

మునిరామయ్య వీపు మీద కండ ఒకటి అదిరింది. పంకజాక్షి ఆ వీపును మూడేళ్ళుగా చూస్తోంది. ఈ ఇంట్లో కోడలు మామ ఎదుట నిలబడదు, ఆయనతో మాట్లాడదు. ఆయనకు నీళ్ళు కావలసి వస్తే గోడతో చెప్పినట్టు చెబుతాడు, ఆమె తెచ్చి గడప మీద పెడుతుంది. అందుకే ఆమెకు ఆయన మొహంకంటే వీపే బాగా తెలుసు. కోపం వస్తే అది బిగుసుకుంటుంది. ఇప్పుడు బిగుసుకోలేదు. ఏదో బరువు పెట్టినట్టు కొంచెం కిందికి దిగింది.

"మరి వాడేం చెప్పినాడు?" అన్నాడు చివరికి.

"నేనే చెక్కినా అన్నాడు. మీ పేరు ఎత్తలా. నమూనా ముందర పెట్టుకొని చెక్కినోనికి అర అంగుళం ఇత్తడి కనపడలేదా అని వాళ్ళు అడిగితే వాని దగ్గర జవాబు లేదు. దానికి తోడు నలభై రెండులో రేణిగుంట దగ్గర తంతి తీగలు కోసి ఆర్నెల్లు లోపలున్నింది బయటపడింది. ఇంకేం కావల్ల వాళ్ళకు. తీగలు కోసినోడు గిలక కొయ్యడా అంటా ఉన్నారు."

"శిక్ష?"

దొరస్వామి కాలిన కనుబొమల మీద చెయ్యి రాసుకున్నాడు. గంగులమ్మ వచ్చి పంకజాక్షి వెనక నిలబడింది. ఆమె ఊపిరి కోడలి మెడకు తగులుతోంది.

"ఒక దారి ఉండాది పెద్దాయనా. అందుకే వచ్చినా. నన్నూ గేటు బయట పెట్టినారులే, నాకు పోయేదేం లేదు. శుక్రవారం విచారణ. మీరు వచ్చి, చెక్కింది నేను, అతుకు చెక్కకపోవడం మా కులవృత్తిలో ఆచారం అని ఇప్పుడు నాకు చెప్పినట్ల చెప్పల్ల. విచారణ చేసే ఇంజినీరు దొర చెడ్డోడు కాడు. పని తెలిసినోడు. పని తెలిసినోనికి మీ మాట అర్థమవుతాది. నమూనా బయటికి తెచ్చినందుకు వానికి రెండేండ్లో మూడేండ్లో ఏస్తారు. మిమ్మల్నీ లోపలేస్తారేమో, అది నేను దాచను. కానీ ప్రాణం నిలుస్తాది."

మునిరామయ్య తన చేతులు చూసుకున్నాడు. అరవై ఏళ్ళు దాటిన చేతులు. వాటిని ఎవరూ తప్పు పట్టిన రోజు లేదు.

"వస్తా," అన్నాడు. "చెక్కింది నేనేనని చెప్తా. తప్పు చేసినానని మాత్రం చెప్పను."

"ఆ మాట ఎవురూ అడగరులే."

"అడిగినా చెప్పను. ఆ అతుకు కావాలనే పెట్టినారని ఎవురన్నా నాకు ఒక మాట చెప్పింటే, చెక్కకుండా పోతానా? నా కొడుకు తెచ్చిన పని. వాని నోట ఆ మాట రాలా. ఎవురూ చెప్పలా."

"అంతే పెద్దాయనా. అదే చెప్పండి. ఎవురూ చెప్పలా అని. ఆ ఒక్క మాట మీదే నిలబడల్ల."

దొరస్వామి మొహంలో వచ్చినప్పటినుంచి లేని తేట కనిపించింది. రెండు గంటల బండికి పోదాం, అరక్కోణంలో మారాలి, ఒక జత బట్టలు చాలు అంటున్నాడు. గంగులమ్మ కోడలి భుజం మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి ఓదార్పుకు వేసినట్టు లేదు. అదిమి పట్టినట్టుంది.

కార్తీకంలో ఇంటికి వచ్చిన రెండో రోజు మధ్యాహ్నం, జ్వరం కొంచెం దిగి కళ్ళు తెరిచిన వెంకటముని పంకజాక్షి చెయ్యి పట్టుకుని చెప్పిన మాట ఆమెకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. 'ఆ ఇత్తడి అంచు తీసెయ్యద్దని నాయనకు చెప్పు. ఓడలోవాళ్ళు కావాలనే పెట్టుకున్నారు. మర్చిపోవద్దు.' మామతో ఆమె మాట్లాడదు కాబట్టి వంటింట్లోకి పోయి అత్తతో చెప్పింది. గంగులమ్మ రాగిసంకటి కెలుకుతూ సరేనని తల ఊపింది. మూడో రోజు అచ్చు నునుపు పట్టమని ఇచ్చినప్పుడు పంకజాక్షి దాన్ని ఒళ్ళో పెట్టుకుని చుట్టూ తడిమింది. రెండంచులూ సమానంగా ఉన్నాయి. మామకు తెలిసే చేసి ఉంటాడులే అనుకుంది. అంత పనివాడికి తనబోటిది చెప్పేదేముంది అనుకుంది. సాయంత్రందాకా ఆకు మీద ఆకు వేసి, చెంపలా నునుపు తేల్చి, గుడ్డలో చుట్టి మొగుడి సంచిలో పెట్టింది. అతను జ్వరంతోనే లేచి, మూట విప్పి చూడకుండానే బండెక్కాడు.

ఇది ఆమె ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు చెప్పకపోతే మొగుడు బతుకుతాడు. కానీ శుక్రవారం ఆ దొర ఎదుట వెంకటముని తనంతట తానే, అంచు సంగతి ఇంట్లో చెప్పానని అంటే? ఒకరు చెప్పలేదని, ఒకరు చెప్పానని అంటే తండ్రీకొడుకులిద్దరూ అబద్ధాలకోరులవుతారు. వీళ్ళు బండెక్కకముందే తెలియాలి.

భుజం మీది చెయ్యి ఇంకా బిగిసింది. పంకజాక్షి ఆ చేతిని మెల్లగా తీసి, లేచి, గడప మీదికి వచ్చి నిలబడింది.

"చెప్పినారు మామా," అంది.

ఆ గొంతు ఎవరిదో మునిరామయ్యకు వెంటనే అర్థం కాలేదు. వెనక్కి తిరిగి కోడల్ని చూశాడు. మొదటిసారి నిండుగా చూశాడు.

"ఆయన నాకు చెప్పినారు. అంచు తియ్యద్దని మీకు చెప్పమన్నారు. నేను అత్తకు చెప్పినాను."

దొరస్వామి గబుక్కున లేచి వీధి తలుపు దగ్గరగా వేశాడు. "అమ్మా, ఈ మాట ఈ ఇల్లు దాటకూడదు. విన్నావా? వానికి తెలుసని తేలితే ఇంక ఆచారం లేదు, ఏమీ లేదు. తెలిసీ అతుకు లేని అచ్చు తెచ్చిచ్చినాడంటారు. వాళ్ళు ఎతుకుతా ఉండేది అదే. మనమే తాడు పేని ఇచ్చినట్లవుతాది."

"ఆయనే ఆడ చెప్పేస్తే?"

అది దొరస్వామికి తట్టలేదు. తేటపడిన మొహం మళ్ళీ మసిబారింది.

మునిరామయ్య వాళ్ళిద్దరి మాటా విననట్టే ఉన్నాడు. ఆయన చూపు కోడల్ని దాటి గుమ్మం లోపలికి పోయింది.

"నీకు చెప్పిందా?"

"చెప్పింది," అంది గంగులమ్మ.

"నాకెందుకు చెప్పలా?"

గంగులమ్మ కొంగుతో చేతుల మసి తుడుచుకుంటూ ముందుకు వచ్చింది. ఆమె ఏడవడం లేదు. ఏడుపు ఎప్పుడో అయిపోయిన మనిషిలా ఉంది.

"నేను ఈ ఇంటికొచ్చి ముప్పై నాలుగేండ్లు. వచ్చిన రెండో ఏడు, నువ్వు చెక్కతా ఉన్న అమ్మోరికి ముక్కు రవ్వంత పొడుగైనట్లుండాదే అన్నా. ముద్దుకే అన్నా. నువ్వు నన్నేమీ అనలా. ఆ విగ్రహం ఎత్తుకొచ్చి నా పొయ్యిలోనే పెట్టినావు. రెణ్ణెల్ల పని. అది కాలేదాకా నన్ను ఆడ్నే కూసోబెట్టినావు, ఆ మంట మీదే సంకటి చెయ్యమన్నావు. ఆ పొద్దునుంచి నీ పని గురించి నేను నోరు తెరవలా. నీ కొడుకూ తెరవలా. ఒకే ఇంట్లో ఉండి, ఆ ఒక్క మాట వాడే నీతో చెప్పకుండా పెండ్లాంతో చెప్పి పంపినాడే, ఎందుకనుకున్నావు?"

"నేను పొయ్యికాడ్నుంచి నాలుగుసార్లు వచ్చినా ఆ పొద్దు," అంది గంగులమ్మ, ఇంకా నెమ్మదిగా. "ఈ గుమ్మంలో నిలబడినా. నువ్వు ఇత్తడి చుట్టూ గీతలు గీసి కొలుస్తా ఉన్నావు. మొహం ఎంత బాగుండిందో. చెప్పల్లనే వచ్చినా. నాలుగుసార్లూ ఎనక్కి పోయినా."

దొరస్వామి నేల చూస్తూ, మాటలు కూడదీసుకుంటున్నట్టు అన్నాడు. "పెద్దాయనా, ఒకటుండాది. మీకైతే ఎవురూ చెప్పలా గదా. అది నిజమే గదా. ఆ నిజం మీరు చెప్పినా చాలు. మిగతాది వెంకటముని చెవిలో నేను ఎట్లనో ఏస్తా. మీరు వస్తే ఇంకా దారి ఉండాది. మీరు రాకపోతే మాత్రం..."

మునిరామయ్య లేచాడు. ఒళ్ళో ఉన్న చెక్కపొట్టు రాలిపడింది. దొరస్వామి గీసిన ఓడ మీద అడుగు వేసి దాటి, మూసిన వీధి తలుపు తీశాడు. తువ్వాలు అక్కడే ఉండిపోయింది. చెప్పులు వేసుకోలేదు. బట్టలు సర్దుకోలేదు. భార్య వైపు గానీ కోడలి వైపు గానీ చూడలేదు. ఎండలోకి దిగి నడిచాడు.

"బండికి ఇంకా టైముండాదిలే, బయటికి పోయి వస్తాడు," అన్నాడు దొరస్వామి, ఎవరిని నమ్మించడానికో.

పంకజాక్షి గడప దాటి వీధిలోకి వచ్చింది. రుక్మిణమ్మ తన అరుగు మీదనుంచి చూస్తోంది, చూడనీ. వీధి చివర దారి రెండుగా చీలుతుంది. కుడికి పోతే స్టేషను. ఎడమకు పోతే ఇళ్ళు అయిపోయి, కొండ కింద అడవి మొదలవుతుంది.

మునిరామయ్య అక్కడ ఒక్క క్షణం కూడా ఆగలేదు. ఎడమకు తిరిగాడు.